సింగపూర్‌లో కార్మికులకు వైద్యం, రిటైర్మెంట్ లాభాలు: యజమాని ఇవ్వవలసినవి, మీరు చూసుకోవలసినవి



సింగపూర్‌కు బయలుదేరే ముందు జీతం ఎంత, ఓవర్‌టైమ్ ఎంత, రూము ఎక్కడ అని మీలో ప్రతి ఒక్కరూ అడిగి తెలుసుకుంటారు. జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, పని చేయలేని వయసు వచ్చాక చేతికి ఏమొస్తుంది అనే రెండు ప్రశ్నలు మాత్రం చాలామంది అడగరు. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల గురించే.

జవాబు క్లుప్తంగా చెప్పాలంటే ఇది. ఇక్కడి చట్టం మీ వైద్యం ఖర్చును యజమాని మీద పెట్టింది. మీ వృద్ధాప్యం ఖర్చును మాత్రం ఏ యజమాని మీదా పెట్టలేదు. కాబట్టి మొదటిది హక్కుగా అడిగి తీసుకోవాలి. రెండవది మొదటి నెల జీతం నుంచే మీరు స్వయంగా కూడబెట్టుకోవాలి.

ఇందులో చెప్పిన విషయాలు ముఖ్యంగా వర్క్ పర్మిట్ మీద పనిచేసేవారికి వర్తిస్తాయి. చాలావరకు ఎస్ పాస్ వారికి కూడా వర్తిస్తాయి. ఇళ్ళలో పనిచేసే సోదరీమణులకు కొన్ని నియమాలు వేరుగా ఉన్నాయి. వాటిని విడిగా తెలియజేశాము. డాలర్లు అని రాసిన చోటల్లా సింగపూర్ డాలర్లు అని గమనించగలరు.

1. వైద్యం ఖర్చు ఎవరిది?

విదేశీ కార్మికుల నియామక చట్టం ప్రకారం, మీ వర్క్ పర్మిట్ ఏ కంపెనీ పేరు మీద ఉందో ఆ కంపెనీయే సింగపూర్‌లో మీ వసతికి, మీ వైద్యానికి బాధ్యత వహించాలి. జ్వరం వచ్చినా, అపెండిసైటిస్ ఆపరేషన్ అయినా, గుండెనొప్పి అయినా ఇదే నియమం. అది పని వల్ల వచ్చిన జబ్బా, ఊరికే వచ్చిన జబ్బా అనే తేడా లేదు.

ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రులలో పౌరులకు బిల్లులో సబ్సిడీ ఉంటుంది. మనకు అది లేదు. అందువల్ల నాలుగు రోజులు అడ్మిట్ అయినా బిల్లు వేల డాలర్లలో రావచ్చు. ఈ కారణంగానే ప్రభుత్వం 2008లో కార్మికులకు వైద్య బీమాను తప్పనిసరి చేసింది. అప్పుడు కనీస మొత్తం ఏడాదికి 5,000 డాలర్లు. 2010లో దానిని 15,000 చేశారు. 2023 జూలై 1 నుంచి 60,000 డాలర్లకు పెంచారు.

బీమా ప్రీమియం పూర్తిగా యజమాని కట్టాలి. దానిని మీ జీతంలో పట్టుకోకూడదు. మెడికల్ చెకప్ డబ్బు, లెవీ, సెక్యూరిటీ బాండ్ కూడా అంతే. "నీ ఇన్సూరెన్స్ కోసం నెలకు ఇంత కట్ చేస్తాం" అని ఎవరైనా చెబితే అది చట్టవిరుద్ధం.

2. చిన్న జబ్బులకు: ప్రైమరీ కేర్ ప్లాన్

2020లో డార్మిటరీలలో కరోనా వ్యాపించినప్పుడు వేలాది కార్మికులు ఒక్కసారిగా జబ్బుపడ్డారు. డాక్టరు దగ్గరకు వెళ్ళడం కార్మికుడికి ఎంత కష్టమో అప్పుడు అందరికీ తెలిసింది. దాని తర్వాత 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రైమరీ కేర్ ప్లాన్ అనే పథకం తప్పనిసరి అయింది. నిర్మాణ పనులు, షిప్‌యార్డ్, ప్రాసెస్ రంగాలలో పనిచేసేవారికి, అలాగే డార్మిటరీలలో ఉండేవారికి ఈ ప్లాన్‌ను యజమాని కొనాలి.

ఈ ప్లాన్ ఉంటే కార్మికుల కోసం పెట్టిన మెడికల్ సెంటర్‌లో డాక్టరుకు చూపించుకోవచ్చు, మందులు తీసుకోవచ్చు. ఫోన్‌లో వీడియో ద్వారా డాక్టరుతో మాట్లాడవచ్చు. ఏడాదికి ఒకసారి సాధారణ ఆరోగ్య పరీక్ష కూడా ఇందులోనే ఉంది. పథకం మొదలైనప్పుడు నిర్ణయించిన ప్రకారం మెడికల్ సెంటర్‌కు వెళ్ళిన ప్రతిసారి 5 డాలర్లు, వీడియో ద్వారా అయితే 2 డాలర్లు కార్మికుడు ఇవ్వాలి. మిగతాది ప్లాన్‌లోనే కలిసి ఉంటుంది.

బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు చూపించుకోవడం, మందులు తీసుకోవడం కూడా ఈ ప్లాన్‌లోకి వస్తాయి. ఇది చాలామందికి తెలియక ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత మందులు తెప్పించుకుంటారు. మందులు అయిపోతే వారాల తరబడి మానేస్తారు. అలా మానేసినవారు ఒకరోజు సైట్‌లోనే పడిపోయే ప్రమాదం ఉంది. బీపీ ఉందని తెలిస్తే పంపేస్తారేమో అనే భయంతో దాచిపెట్టకండి. మందు వేసుకుంటూ అదుపులో ఉన్న బీపీతో ఏళ్ళ తరబడి పని చేయవచ్చు. దాచిన బీపీ పక్షవాతం దాకా తీసుకెళ్తుంది.

గమనిక: ఆస్పత్రిలో అడ్మిషన్, ఆపరేషన్ ఈ ప్లాన్‌లోకి రావు. వాటికి కింద చెప్పిన బీమా ఉంది.

3. పెద్ద జబ్బులకు: వైద్య బీమా

ఆస్పత్రిలో అడ్మిట్ అయినా, ఒక్కరోజులో చేసి పంపే ఆపరేషన్ అయినా వైద్య బీమా వర్తిస్తుంది. బిల్లులో మొదటి 15,000 డాలర్ల వరకు బీమా కంపెనీ చెల్లిస్తుంది. అంతకు మించి 60,000 వరకు వచ్చిన బిల్లులో నూటికి 75 వంతులు బీమా కంపెనీ, 25 వంతులు యజమాని చెల్లించాలి. 2025 జూలై 1 తర్వాత తీసుకున్న లేదా రెన్యూ చేసిన పాలసీలలో బీమా కంపెనీ తన వంతు డబ్బును నేరుగా ఆస్పత్రికే కట్టాలి. ఏయే జబ్బులకు బీమా వర్తించదు అనే జాబితాను కూడా అన్ని కంపెనీలకు ఒకేలా చేశారు.

బిల్లు 60,000 దాటితే? బీమా అక్కడ ఆగుతుంది గానీ యజమాని బాధ్యత ఆగదు. బీమా ఒప్పుకోని బిల్లుకు కూడా యజమానే బాధ్యుడు. "బీమా అయిపోయింది, మిగతాది నువ్వు కట్టు" అనడానికి యజమానికి హక్కు లేదు. అలాంటి మాట విన్న రోజే మానవ వనరుల మంత్రిత్వ శాఖకు, అంటే మీరందరూ ఎంఓఎం అని పిలిచే ఆఫీసుకు ఫోన్ చేయండి.

ఒక మినహాయింపు ఉంది, దానిని సరిగా అర్థం చేసుకోండి. పనికి సంబంధం లేని జబ్బు విషయంలో, ఖర్చులో కొంత కార్మికుడు కూడా పెట్టుకోవాలని యజమాని అడగవచ్చు. దానికి మూడు షరతులు ఉన్నాయి. ఆ సంగతి మీ కాంట్రాక్టులో ముందే రాసి ఉండాలి, మీరు ఒప్పుకొని ఉండాలి. నెలకు మీ స్థిర జీతంలో నూటికి 10 వంతులు మించకూడదు. మొత్తం 6 నెలలు మించకూడదు. ఉదాహరణకు మీ స్థిర జీతం 800 డాలర్లు అయితే నెలకు 80, ఆరు నెలలకు 480 డాలర్లు. అంతే. కాంట్రాక్టులో ఆ మాటే లేకపోతే ఒక్క డాలరు కూడా పట్టుకోకూడదు. పనిలో తగిలిన దెబ్బకైతే ఈ మినహాయింపు అసలు వర్తించదు.

ప్రాణం మీదికి వస్తే 995కు ఫోన్ చేయండి, అంబులెన్స్ వస్తుంది. కంపెనీ లెటర్ వచ్చేదాకా ఆగవద్దు. అత్యవసర వైద్యం ముందు చేస్తారు, బిల్లు సంగతి తర్వాత చూస్తారు.

4. ఎంసీ, జీతంతో కూడిన సెలవు

డాక్టరు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్‌ను ఇక్కడ అందరూ ఎంసీ అంటారు. సింగపూర్‌లో రిజిస్టరైన ఏ డాక్టరు ఇచ్చిన ఎంసీ అయినా చెల్లుతుంది. అయితే డాక్టరు ఫీజు యజమాని తిరిగి ఇవ్వాలంటే, మీరు కంపెనీ నియమించిన డాక్టరుకో, ప్రభుత్వ ఆస్పత్రిలోనో చూపించుకొని ఉండాలి.

ఒకే యజమాని దగ్గర 3 నెలలు పనిచేస్తే జీతంతో కూడిన సిక్ లీవు మొదలవుతుంది. అప్పుడు బయట చూపించుకునే జబ్బుకు 5 రోజులు, ఆస్పత్రిలో ఉండవలసిన జబ్బుకు 15 రోజులు. 6 నెలలు దాటాక ఇవి ఏడాదికి 14 రోజులు, 60 రోజులు అవుతాయి. ఈ 60 రోజులలోనే ఆ 14 రోజులు కలిసి ఉంటాయి. సెలవు పెట్టిన 48 గంటలలోపు యజమానికి తెలియజేయాలి. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయడంతో సరిపెట్టుకోకుండా ఎంసీని ఫోటో తీసి మెసేజ్ పంపండి. రేపు ఎవరైనా "నాకు చెప్పలేదు" అంటే ఆ మెసేజ్ మీ సాక్ష్యం.

5. పనిలో దెబ్బ తగిలితే

పనిలో గాయానికి వేరే చట్టం ఉంది. దాని పేరు వర్క్ ఇంజ్యురీ కాంపెన్సేషన్ యాక్ట్. 2019లో చేసిన కొత్త చట్టం 2020 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. ఈ చట్టంలో తప్పు ఎవరిది అని చూడరు. మీరు జారిపడినా, పక్కవాడు పొరపాటున మెషిన్ ఆన్ చేసినా, పని చేస్తూ గాయపడితే పరిహారం వస్తుంది. కంపెనీ లారీలో సైట్‌కు వెళ్ళేటప్పుడు ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. పెద్ద శబ్దాల మధ్య పనిచేసి చెవుడు రావడం లాంటి, పని వల్ల వచ్చిన జబ్బులకు కూడా వర్తిస్తుంది.

ఈ చట్టం కింద మూడు రకాల డబ్బు వస్తుంది.

మొదటిది, ఎంసీలో ఉన్న రోజులకు జీతం. మొదటి 14 రోజులు పూర్తి జీతం. ఆస్పత్రిలో ఉండవలసి వస్తే 60 రోజుల వరకు పూర్తి జీతం. ఆ తర్వాత ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాది వరకు మూడింట రెండు వంతులు. డాక్టరు లైట్ డ్యూటీ రాసిన రోజులలో జీతం తగ్గినా ఈ లెక్కే వర్తిస్తుంది.

రెండవది, వైద్యం ఖర్చు. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక ఏడాది వరకు గానీ, నిర్ణీత మొత్తం వరకు గానీ, ఏది ముందైతే అది. 2025 నవంబరు 1 నుంచి జరిగిన ప్రమాదాలకు ఆ మొత్తం 53,000 డాలర్లు.

మూడవది, శాశ్వత వైకల్యం మిగిలినా, మరణించినా ఒకేసారి ఇచ్చే పరిహారం. 2025 నవంబరు 1 నుంచి జరిగిన ప్రమాదాలలో పూర్తి వైకల్యానికి కనీసం 1,16,000, గరిష్ఠంగా 3,46,000 డాలర్లు. మరణానికి కనీసం 91,000, గరిష్ఠంగా 2,69,000 డాలర్లు.

వేలు తెగినా, మోకాలు పూర్తిగా వంగకపోయినా డాక్టరు వైకల్యాన్ని శాతంలో లెక్కకడతారు. మీ సగటు నెల సంపాదనను, వయసును బట్టి ఉండే ఒక సంఖ్యతో హెచ్చవేసి, ఆ శాతం ప్రకారం పరిహారం ఇస్తారు. 30 ఏళ్ళ కార్మికుడికి సగటు సంపాదన 1,000 డాలర్లు, వైకల్యం 10 శాతం అనుకుందాం. ఆ వయసుకు సంఖ్య 181. కాబట్టి 18,100 డాలర్లు వస్తాయి. సగటు సంపాదనలో ఓవర్‌టైమ్ కూడా కలుపుతారు. పేస్లిప్పులు దాచుకోవాలని పదే పదే చెప్పడానికి కారణం ఇదే. మీ లెక్క మీ దగ్గర లేకపోతే బేసిక్ జీతం మీదే లెక్కకట్టే అవకాశం ఉంది.

దెబ్బ తగిలిన వెంటనే చేయవలసినవి:

- చిన్న దెబ్బ అయినా సూపర్‌వైజర్‌కు అప్పుడే చెప్పండి. తేదీ, సమయం, చోటు, చూసినవారి పేర్లు రాసుకోండి. ఫోటోలు తీయండి.
- డాక్టరుకు "పనిలో తగిలింది" అని స్పష్టంగా చెప్పండి. "బాత్‌రూములో పడ్డానని చెప్పు" అని ఎవరు చెప్పినా వినకండి. డాక్టరు కాగితంలో రాసినదే తర్వాత సాక్ష్యం అవుతుంది.
- ఎంసీ గానీ లైట్ డ్యూటీ గానీ వచ్చిన ప్రతి ప్రమాదాన్నీ యజమాని ఎంఓఎంకు రిపోర్ట్ చేయాలి. చేయకపోతే మీరే చేయవచ్చు.
- క్లెయిమ్ వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక ఏడాది గడువు ఉంది.
- పరిహారం లెక్క రాసిన నోటీసు వచ్చినప్పుడు దానిలోని గడువు తేదీ చూడండి. లెక్క తప్పని అనిపిస్తే ఆ తేదీలోపే అభ్యంతరం చెప్పాలి.

క్లెయిమ్ వేస్తే పంపేస్తారని చాలామంది భయపడతారు. నిజం చెప్పాలంటే, నోటీసు ఇచ్చి పని నుంచి తీసేసే అధికారం యజమానికి ఉంది. కానీ వర్క్ పర్మిట్ రద్దయినా క్లెయిమ్ రద్దు కాదు. క్లెయిమ్ తేలేవరకు ఇక్కడ ఉండవలసి వస్తే స్పెషల్ పాస్ ఇస్తారు. ఆ కాలంలో మీ తిండికి, వసతికి పాత యజమానే బాధ్యుడు. భయంతో క్లెయిమ్ వేయకుండా ఊరికి వెళ్ళిపోతే పని పోతుంది, డబ్బూ పోతుంది.

ఈ క్లెయిమ్‌కు వకీలు అవసరం లేదు. ఆస్పత్రి దగ్గర కలిసి "నీకు పెద్ద మొత్తం ఇప్పిస్తాను, సంతకం పెట్టు" అనేవాళ్ళ కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టకండి. యజమాని నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగితే కోర్టులో దావా వేసే దారి కూడా ఉంది. కానీ ఈ చట్టం కింద పరిహారం, కోర్టు దావా రెండింటిలో ఒక్కదానినే ఎంచుకోవాలి. కోర్టులో యజమాని తప్పును మీరు రుజువు చేయాలి. ఆలోచించి నిర్ణయించుకోండి.

6. ఇళ్ళలో పనిచేసే సోదరీమణులకు

పైన చెప్పిన సిక్ లీవు చట్టం గానీ, పనిలో గాయం చట్టం గానీ ఇళ్ళలో పనిచేసేవారికి వర్తించవు. అంటే రక్షణ లేదని కాదు. మీ వైద్యం ఖర్చంతా యజమానే భరించాలి. 60,000 డాలర్ల వైద్య బీమా మీకూ ఉంది. దానికి అదనంగా కనీసం 60,000 డాలర్ల ప్రమాద బీమాను మీ పేరున యజమాని తీసుకోవాలి. ఆ డబ్బు మీకు గానీ, మీ కుటుంబానికి గానీ చెందుతుంది. ఆరు నెలలకు ఒకసారి చేయించే మెడికల్ పరీక్ష ఖర్చు కూడా యజమానిదే. ఆ పరీక్షలో డాక్టరుతో మీ ఇబ్బందులు ఏమున్నా చెప్పుకోవచ్చు.

7. మరణం సంభవిస్తే

ఇలాంటి మాట రాయడం మాకూ కష్టమే, కానీ మీ ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి. వర్క్ పర్మిట్ కార్మికుడు ఇక్కడ మరణిస్తే అంత్యక్రియల ఖర్చును గానీ, భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చును గానీ యజమాని భరించాలి. యజమాని నుంచి సహాయం అందని అత్యవసర పరిస్థితులలో, 2009లో ఏర్పాటైన భారత సమాజ సంక్షేమ నిధి నుంచి హైకమిషన్ ద్వారా సహాయం కోరవచ్చు.

మీ కంపెనీ పేరు, వర్క్ పర్మిట్ మీద ఉన్న ఫిన్ నంబరు, పాస్‌పోర్ట్ కాపీ ఇంట్లో ఒక కవరులో పెట్టి ఉంచండి. అవి లేకపోతే కుటుంబం ఎవరిని అడగాలో కూడా తెలియక తిరగవలసి వస్తుంది.

8. రిటైర్మెంట్: ఇక్కడ మీకు ఏమీ జమ కావడం లేదు

ఇప్పుడు రెండవ ప్రశ్న. మన దేశంలో కంపెనీలో పనిచేస్తే పీఎఫ్ ఉంటుంది, అయిదేళ్ళు దాటితే గ్రాట్యుటీ ఉంటుంది. దుబాయ్, సౌదీ, ఖతర్‌లలో పనిచేసి వచ్చినవారికి సర్వీసు ముగిసినప్పుడు చట్టప్రకారం కొంత మొత్తం ఇస్తారని తెలుసు. సింగపూర్‌లో కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా లేదు.

సింగపూర్‌లో 1955 నుంచి సీపీఎఫ్ అనే ప్రావిడెంట్ ఫండ్ ఉంది. అది సింగపూర్ పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే. వర్క్ పర్మిట్, ఎస్ పాస్ వారికి సీపీఎఫ్ ఖాతా ఉండదు. మీ పేరున ఎక్కడా డబ్బు జమ కావడం లేదు. మీ జీతంలో సీపీఎఫ్ పేరిట డబ్బు కట్ చేస్తుంటే వెంటనే ఎంఓఎంకు తెలియజేయండి.

యజమాని మీ కోసం ప్రతి నెల ప్రభుత్వానికి లెవీ కడతాడు. "నీకోసం నెల నెలా వందల డాలర్లు కడుతున్నాను" అనే మాట మీరు విని ఉంటారు. అది విదేశీ కార్మికుడిని పెట్టుకున్నందుకు కంపెనీ కట్టే పన్ను లాంటిది. వెళ్ళిపోయేటప్పుడు అది మీకు తిరిగి రాదు. 5,000 డాలర్ల సెక్యూరిటీ బాండ్ కూడా యజమానికి, ప్రభుత్వానికి మధ్య ఉన్నదే. అది మీ పొదుపు కాదు.

గ్రాట్యుటీ ఇవ్వాలని చట్టం లేదు. కొన్ని కంపెనీలు తమ ఇష్టంతో ఇస్తాయి. అది కాంట్రాక్టులో రాసి ఉంటేనే అడగగలరు. కంపెనీ పని తగ్గి మనుషులను తీసేస్తే, 2 ఏళ్ళు పనిచేసినవారు రిట్రెంచ్‌మెంట్ డబ్బు అడగవచ్చు. చాలా కంపెనీలు ఏడాది సర్వీసుకు 2 వారాల నుంచి ఒక నెల జీతం ఇచ్చే పద్ధతి ఉంది. కానీ కాంట్రాక్టులో లేకపోతే అది మాట్లాడుకొని తెచ్చుకోవలసినదే.

పని ముగించి వెళ్ళేటప్పుడు మీకు తప్పనిసరిగా రావలసినవి ఇవి: చివరి నెల జీతం, ఓవర్‌టైమ్, వాడుకోని యాన్యువల్ లీవు డబ్బు, నోటీసు ఇవ్వకుండా తీసేస్తే నోటీసు జీతం, స్వదేశానికి విమాన టికెట్టు. ఈ లెక్క తేలకుండా "అంతా ముట్టింది" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టవద్దు. జీతం బాకీ ఉంటే పని మానేసిన 6 నెలలలోపు ఫిర్యాదు చేయాలి. విమానం ఎక్కాక ఊరి నుంచి ఫిర్యాదు నడపడం చాలా కష్టం. ఇక్కడ ఉండగానే చేయండి.

ఇంకొక మార్పు కూడా గమనించండి. ఇంతకుముందు వర్క్ పర్మిట్ మీద నైపుణ్యాన్ని బట్టి 14 నుంచి 26 ఏళ్ళు మాత్రమే పని చేయనిచ్చేవారు, వయసు 60 దాటకూడదు. 2025 జూలై 1 నుంచి ఆ ఏళ్ళ పరిమితి తీసేశారు, వయసు పరిమితిని 63కు పెంచారు. మంచిదే. కానీ 25 ఏళ్ళకు వచ్చినవాడు 63 వరకు ఇక్కడే ఉంటే 38 ఏళ్ళు ఏ పింఛన్ పథకంలోనూ లేకుండా గడిచిపోతాయి. ఎక్కువ ఏళ్ళు పని చేయనిస్తున్నారంటే, ముసలితనానికి ఏర్పాటు చేస్తున్నారని అర్థం కాదు.

9. మరి వృద్ధాప్యానికి మీరు ఏం చేయాలి?

ముందు ఏజెంటు అప్పు, ఊరిలోని వడ్డీ అప్పు తీర్చండి. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ పెరుగుతుంటే ఏ పొదుపూ దానిని అందుకోలేదు. అప్పు తీరిన నెల నుంచి, అప్పుకు కట్టిన డబ్బులో కొంతైనా మీ పేరున దాచండి. నెలకు 50 డాలర్లు దాస్తే 15 ఏళ్ళకు అసలే 9,000 డాలర్లు అవుతుంది. వడ్డీ అదనం.

ఎన్ఆర్ఈ ఖాతా: విదేశంలో పనిచేసేవారు భారతదేశంలోని బ్యాంకులో ఎన్ఆర్ఈ ఖాతా తెరవవచ్చు. దానిలోని డబ్బు మీద వచ్చే వడ్డీకి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. ఊరిలో ఉన్న పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఇంటి ఖర్చుకు పంపే డబ్బు ఒక ఖాతాలోకి, మీ వృద్ధాప్యానికి దాచేది వేరే ఖాతాలోకి వేయండి. రెండూ ఒకే ఖాతాలో ఉంటే పెళ్ళికో, ఇంటి స్లాబుకో అంతా ఖర్చయిపోతుంది.

ఎన్‌పీఎస్: భారత ప్రభుత్వ జాతీయ పింఛన్ పథకంలో ప్రవాస భారతీయులు కూడా చేరవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి కడుతూ పోతే, రిటైర్ అయ్యాక కొంత ఒకేసారి, మిగిలినది నెలనెలా పింఛనుగా వస్తుంది. మధ్యలో సులభంగా తీయలేము. మనవాళ్ళకు అదే దానిలోని మేలు.

పాత పీఎఫ్: సింగపూర్ రాకముందు మన దేశంలో ఏదైనా కంపెనీలో పనిచేసి ఉంటే మీ యూఏఎన్ నంబరు వెతికి పెట్టుకోండి. ఆధార్, బ్యాంకు ఖాతా, నామినీ పేరు దానికి జతచేయండి. మొత్తం 10 ఏళ్ళ సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్ళకు పీఎఫ్ పింఛను హక్కు ఉంటుంది.

పీపీఎఫ్: ఇండియాలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతాను 15 ఏళ్ళు పూర్తయ్యేవరకు కొనసాగించవచ్చు. ప్రవాసి అయ్యాక కొత్తది తెరవడానికి వీలులేదు.

రిజిస్టర్ కాని చిట్టీలలో, తెలిసినవాడి చేతి వడ్డీలో వృద్ధాప్యపు డబ్బు పెట్టకండి. మీరు ఇక్కడ ఉండగా అక్కడ వాడు ఊరు వదిలితే పట్టుకునేవారు ఉండరు.

ప్రతి ఖాతాలో నామినీ పేరు రాయించండి. ఇక్కడి వైద్య బీమా మీ వర్క్ పర్మిట్‌తోనే ముగుస్తుంది. కాబట్టి ఊరిలో మీ కుటుంబానికి అర్హత ఉంటే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ పేరు కూడా ఉండేలా చూసుకోండి.

10. తరచుగా అడిగే ప్రశ్నలు

గల్ఫ్ వెళ్ళేవారికి ఉండే 10 లక్షల బీమా నాకు ఉందా?
ప్రవాసీ భారతీయ బీమా యోజన, ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాలకు ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్ళేవారికి తప్పనిసరి. సింగపూర్ ఆ జాబితాలో లేదు. కాబట్టి మీకు అది ఉందని అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ వారు ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ వారి ప్రవాసాంధ్ర భరోసా బీమా గురించి విచారించవచ్చు.

డాక్టరు 7 రోజుల ఎంసీ ఇస్తే, 2 రోజులకే పనికి రమ్మంటున్నారు. వెళ్ళాలా?
వెళ్ళనవసరం లేదు. ఎన్ని రోజులు విశ్రాంతి కావాలో చెప్పేది డాక్టరు. ఎంసీ కాపీని యజమానికి పంపి, మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

నా కాంట్రాక్టులో ఏముందో నాకు తెలియదు. ఎలా?
వచ్చే ముందు మీకు ఇచ్చిన ఐపీఏ లెటరులో జీతం, అలవెన్సులు, కోతలు రాసి ఉంటాయి. దాని కాపీని ఫోన్‌లో ఉంచుకోండి. చదవడం రాకపోతే తెలిసినవారి చేత చదివించుకోండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మనసు బాగాలేదు, నిద్ర పట్టడం లేదు. ఇది కూడా జబ్బేనా?
జబ్బే. దానికీ వైద్యం ఉంది. హెల్త్‌సర్వ్ అనే సంస్థ కార్మికుల కోసమే 24 గంటల ఫోన్ నడుపుతోంది. నంబరు కింద ఉంది.

11. ఫోన్‌లో సేవ్ చేసుకోవలసిన నంబర్లు

- అంబులెన్స్: 995
- పోలీసు: 999
- మానవ వనరుల మంత్రిత్వ శాఖ (ఎంఓఎం): 6438 5122
- మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్, 24 గంటలు: 6536 2692
- ఇళ్ళలో పనిచేసేవారికి ఎంఓఎం హెల్ప్‌లైన్: 1800 339 5505
- హెల్త్‌సర్వ్, మానసిక ఇబ్బందులకు: 3129 5000
- భారత హైకమిషన్, 31 గ్రాంజ్ రోడ్: 6737 6777

ఈ ఆదివారం సెలవు దొరికినప్పుడు మూడు పనులు చేయండి. ఐపీఏ లెటరును, పేస్లిప్పులను ఫోటో తీసి ఇంటికి పంపండి. మీ వైద్య బీమా ఏ కంపెనీది, మీ మెడికల్ సెంటర్ ఎక్కడ ఉంది అని ఆఫీసులో అడిగి రాసుకోండి. మీ పేరున వేరే పొదుపు ఖాతా లేకపోతే బ్యాంకుకు ఫోన్ చేసి ఎలా తెరవాలో కనుక్కోండి. ఈ కాగితాన్ని చదివాక మీ రూములో చదవడం రానివారికి కూడా చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.